గోల్ఫ్ ట్రిప్పుకు పెద్దరికం

ఒరే అల్లుడూ,

మీ ఇంజినీరింగ్ బ్యాచ్ ఏటా వేసే గోల్ఫ్ ట్రిప్పుకు ఈసారి పెద్దరికం నీ నెత్తిన పడిందని మీ అమ్మ చెప్పింది. నువ్వు ఫోన్ చేసి అడిగింది హోటళ్ల గురించీ, టీ టైముల గురించీ. మీరు రాబోయే గోల్ఫ్ ఊరు పైన్‌హర్స్ట్ మా ఇంటికి గంటన్నర దూరం కూడా లేదు కాబట్టి అవి చెప్పడం నాకు పెద్ద పని కాదు, చెబుతాను. దాంతోపాటు నువ్వు అడగనిది కూడా కాస్త చెబుతాను. మా బ్యాచ్ ట్రిప్పు ఇన్నేళ్లుగా ఎలా నెట్టుకొచ్చిందో లోపలుండి చూసినవాణ్ణి. మాతోపాటే మొదలైన ట్రిప్పులు కొన్ని ఎలా చప్పబడిపోయాయో బయటుండి చూసినవాణ్ణి. విసుక్కోకుండా చివరిదాకా చదువు.

ట్రిప్పు చప్పబడేది ఇలా. ఎనిమిది మంది ఉంటారు. ఎవడి ఆట బాగుంటుందో, ఎవడి జేబు నిండుగా ఉంటుందో వాడే పెద్దరికం తీసుకుంటాడు. కోర్సు వాడికి నచ్చినది, హోటలు వాడికి నచ్చినది, అందరూ ఆడే టీ బాక్సు కూడా వాడిదే. మొదటి ఏడు అందరూ "సూపర్‌రా" అంటారు. రెండో ఏడో, మూడో ఏడో ఒకడు "ఈసారి కుదరదురా, ఇంట్లో పనుంది" అంటాడు. ఏడుగురు మిగులుతారు. నలుగురేసి బయల్దేరే ఆట కదా, ఏడుగురంటే ఒక జట్టులో ముగ్గురే. రద్దీ రోజున క్లబ్బువాళ్లు ఆ ఖాళీలో ముక్కూమొహం తెలియనివాణ్ణి ఒకణ్ణి కలుపుతారు. ఎనిమిది భాగాలు కావలసిన ఇంటి అద్దె ఏడు భాగాలవుతుంది. పెరిగిన ఆ భాగం ఇంకొకణ్ణి ఆలోచనలో పడేస్తుంది. మరుసటి ఏడు ఆరుగురు. ఆ తర్వాత వాట్సాప్ గ్రూపులో పుట్టినరోజు కేకు బొమ్మలు తప్ప ఇంకేమీ రావు. ఇందులో ఎవరూ ఎవరితోనూ పోట్లాడలేదు చూశావా! మొదట మానేసినవాడు ఎందుకు మానేశాడో ఎవరూ కనుక్కోలేదు, అంతే.

అందుకని నేను చెప్పేది ఒక్కటే. ఎవరికి రావడం అందరికన్నా కష్టమో వాడి కొలతకు ట్రిప్పు కట్టు. మిగతా ఏడుగురూ ఎలాగూ వస్తారు.

ఇది నేను కనిపెట్టిన సూత్రం కాదు, మీరాడే ఆటలోనే ఉంది. నీతో నేను టెన్నిస్ ఆడితే పది నిమిషాల్లో ఇద్దరికీ విసుగొస్తుంది. గోల్ఫ్‌లో అలా జరగకుండా బలం తక్కువవాడికి ముందే కొన్ని స్ట్రోకులు ఇచ్చి సమానం చేస్తారు. 2020 నుంచి ప్రపంచమంతా దీనికి ఒకే పద్ధతి: ఒకడి చివరి 20 రౌండ్లలో మెరుగైన 8 రౌండ్లను తీసుకుని హ్యాండికాప్ ఇండెక్స్ కడతారు. ఆ రోజు ఆడే కోర్సు ఎంత కష్టమో దాన్నిబట్టి మళ్లీ సవరిస్తారు. మామూలు కష్టానికి స్లోప్ 113 అని పెట్టుకున్నారు. స్లోప్ 135 ఉన్న టీ బాక్సు నుంచి ఆడితే ఇండెక్స్ 20 ఉన్నవాడికి 24 స్ట్రోకులు వస్తాయి, ఇండెక్స్ 5 ఉన్నవాడికి 6 వస్తాయి. కోర్సు రేటింగుకూ పార్‌కూ తేడా ఉంటే అదీ కలుస్తుంది. కోర్సు ముదిరినకొద్దీ ఆట రానివాడికి అందే సాయం నాలుగు పెరిగింది, ఆట వచ్చినవాడికి ఒక్కటే పెరిగింది. ఎంత న్యాయమైన లెక్కో! కానీ ఈ న్యాయాన్ని మనవాళ్లు స్కోరు కార్డు దగ్గరే ఆపేస్తారు. బిల్లు దగ్గరా, భోజనం దగ్గరా, ఒంట్లో ఓపిక దగ్గరా మరిచిపోతారు. నువ్వు అక్కడ కూడా పాటించు.

ముందు కోర్సుల సంగతి. పైన్‌హర్స్ట్ అనగానే అందరి నోటా నెంబర్ 2 మాటే. బోస్టన్‌లో సోడా ఫౌంటెన్ల వ్యాపారం చేసి సంపాదించిన జేమ్స్ వాకర్ టఫ్ట్స్ అనే ఆయన 1895లో ఇక్కడి ఇసుకనేలలు కొని ఊరు కట్టాడు. విచిత్రం ఏమిటంటే, ఆయన దాన్ని కట్టింది ధనవంతుల కోసం కాదు. చలికి తట్టుకోలేని, పెద్దగా డబ్బులేని ఉత్తరాదివాళ్లు వచ్చి ఒళ్లు బాగుచేసుకునే విడిదిగా కట్టాడు. 1900లో స్కాట్లండ్‌లోని డోర్నక్ ఊరి గోల్ఫ్ మనిషి డోనల్డ్ రాస్ ఇక్కడికి వచ్చాడు. ఆయన వేసిన నెంబర్ 2 కోర్సు 1907లో తెరుచుకుంది. 1948లో కన్నుమూసేదాకా ఆయన దాన్ని దిద్దుతూనే ఉన్నాడు. 1999, 2005, 2014, 2024 సంవత్సరాల్లో పురుషుల యూఎస్ ఓపెన్ ఈ గడ్డమీదే జరిగింది.

అక్కడి గ్రీన్లు బోర్లించిన మూకుళ్లలా ఉంటాయి. నడిమధ్యన పడితే బంతి ఆగుతుంది. అంచున పడిందా, పక్కకు జారి పల్లంలోకి పోతుంది. మా బ్యాచ్‌లో బ్యాంకు ఉద్యోగం చేసి రిటైరైన మిత్రుడొకడు ఆ పల్లంలో నిలబడి వెడ్జ్‌తో ఎత్తి కొట్టాడు. బంతి గ్రీన్ ఎక్కింది, కాసేపు ఆలోచించింది, అవతలి వైపు దిగిపోయింది. వాడు చుట్టూ తిరిగి వెళ్లి అక్కణ్ణుంచి కొట్టాడు. బంతి మళ్లీ ఎక్కి, మళ్లీ మొదటి పల్లంలోకే వచ్చి చేరింది. మూడోసారి వాడు వెడ్జ్ ఎత్తబోతుంటే క్యాడీ నోరు మెదపకుండా దాన్ని చేతిలోంచి తీసుకుని పుట్టర్ అందించాడు. వాడు పల్లంలోంచే నేలబారున దొర్లిస్తే బంతి మెల్లగా ఎక్కి జెండాకు ఆరడుగుల దూరంలో ఆగింది. ఇక్కడ ఆడేవాడెవడైనా గుర్తుపెట్టుకోవలసిన కిటుకు అదే, మీవాళ్లకు ముందే చెప్పు. ఆ పూట మా మిత్రుడు నవ్వాడు గానీ, జట్టులో మిగతావాళ్లు అసహనంగా గడియారాలు చూసుకుంటూ ఉంటే నవ్వగలిగేవాడు కాదు.

నెంబర్ 2 ఖరీదైనది. సాధారణంగా ఆ రిసార్టులో దిగినవాళ్లకే టీ టైము దొరుకుతుంది. ఆడాలని గట్టిగా ఉన్నవాళ్లు ఒకరోజు ముందొచ్చి సొంత ఖర్చుతో ఆడుకుంటారు, వద్దనకు. అందరూ కలిసి ఆడే రౌండ్లు మాత్రం అందరి జేబుకూ అందే చోట పెట్టు. మిడ్‌ల్యాండ్ రోడ్డుకు ఒకవైపు 1921 నాటి మిడ్ పైన్స్, ఎదురుగా 1928 నాటి పైన్ నీడిల్స్ ఉన్నాయి. రెండూ రాస్ వేసినవే. పైన్ నీడిల్స్‌లో మహిళల యూఎస్ ఓపెన్ 1996, 2001, 2007, 2022లలో జరిగింది, అంటే అదేదో తీసిపారేసే కోర్సు కాదు. సదరన్ పైన్స్ క్లబ్బు కూడా రాస్‌దే, ఈమధ్య 2021లో బాగుచేశారు. ఈ మూడింట్లో మూడు రోజులు ఆడినవాడు ఏదో తక్కువ తిన్నానని అనుకోడు.

బుక్ చేసేటప్పుడు క్లబ్బును ఒక ప్రశ్న తప్పకుండా అడుగు: గ్రీన్లకు చిల్లులు ఎప్పుడు పొడుస్తారు అని. వేసవిలో గడ్డి వేళ్లకు గాలి ఆడటానికి గ్రీన్ అంతా చిల్లులు పొడిచి ఇసుక చల్లుతారు. తర్వాత కొద్దివారాలు పుటింగ్ దేవుడి దయ. ఆ వారాల్లో రేటు చవగ్గా కనిపిస్తుంది, మోసపోకు. ఏప్రిల్‌లో ఈ ప్రాంతంలో పైన్ చెట్ల పుప్పొడి కార్ల మీద పసుపు చల్లినట్టు పడుతుంది. మీలో తుమ్ములవాడు ఉంటే ఆ నెల వాడికి నరకం. ఇలాంటివి వాడు అడగడు, నువ్వే చూసుకోవాలి.

ఇప్పుడు ఆట కట్టే పద్ధతి. అందరూ ఒకే టీ బాక్సు నుంచి ఆడాలనే పట్టుదల వదిలిపెట్టు. 2011లో అమెరికా గోల్ఫ్ సంస్థలు రెండు కలిసి, ఎవడి డ్రైవ్ ఎంత దూరం పోతుందో దాన్నిబట్టి కోర్సు పొడవు ఎంచుకోమని ప్రచారం చేశాయి. డ్రైవ్ 200 గజాలు పోయేవాడికి 5,200 నుంచి 5,400 గజాల కోర్సు సరిపోతుందన్నాయి. మన మగవాళ్లకు ముందు టీలకు వెళ్లడమంటే నామోషీ. "నువ్వు ముందు నుంచి ఆడరా" అని ఒకణ్ణి వేలెత్తి చూపిస్తే వాడు మొండికేసి వెనకనుంచే ఆడి, రోజంతా బంతులు వెతుక్కుంటాడు. అందుకని పేర్లు ఎత్తకు. డ్రైవ్ దూరం ఇంత లోపు ఉన్నవాళ్లందరూ ఆ టీ బాక్సు అని ముందే కాగితం మీద పెట్టు. నీది కూడా ఆ లెక్కలోకి వస్తే ముందుగా నువ్వే అక్కడికి వెళ్లి నిలబడు.

లెక్కింపుకు స్టేబుల్‌ఫర్డ్ పాయింట్లు వాడు. ఫ్రాంక్ స్టేబుల్‌ఫర్డ్ అనే డాక్టరు ఈ పద్ధతిని 1932లో ఇంగ్లండ్‌లోని వాలసీ క్లబ్బులో ఆటకు పెట్టాడు. హ్యాండికాప్ తీసేశాక పార్ కొడితే 2 పాయింట్లు, బోగీకి 1, బర్డీకి 3. డబుల్ బోగీ అయినా, అది దాటినా సున్నా. ఒక హోల్ పాడైతే బంతి జేబులో వేసుకుని హాయిగా నడవొచ్చు, తొమ్మిదీ పదీ లెక్కపెడుతూ అందరి మొహాలూ చూడనక్కర్లేదు. ఆట రానివాడి పరువు దక్కుతుంది, వెనకొచ్చే జట్టు తిట్లు తప్పుతాయి. పోయిన బంతి కోసం మూడు నిమిషాలకు మించి వెతకొద్దని 2019 నుంచి నియమాలే చెబుతున్నాయి, దాన్ని మాత్రం కచ్చితంగా అమలుచెయ్యి.

ఎనిమిది మందిని జట్లుగా వేయడానికి సులువైన లెక్క ఒకటుంది. నాలుగు జంటలు చెయ్యి. కార్టులో ఇద్దరే పడతారు కాబట్టి జంటకో కార్టు. మొదటి రోజు ఒకటో జంట రెండో జంటతో, మూడోది నాలుగోదానితో. రెండో రోజు ఒకటి మూడుతో, రెండు నాలుగుతో. మూడో రోజు ఒకటి నాలుగుతో, రెండు మూడుతో. మూడు రౌండ్లు తిరిగేసరికి ప్రతివాడూ మిగతా ఏడుగురితోనూ ఆడి ఉంటాడు. ఎవరూ "మేం నలుగురం, వాళ్లు నలుగురు" అని విడిపోరు. జంటలు మాత్రం చీటీలు వేసి తీయకు. అందరికన్నా ఆట రానివాడి పక్కన అందరికన్నా ఓపికైనవాణ్ణి కూర్చోబెట్టు. ఓపికైనవాడంటే బాగా ఆడేవాడని కాదు. అడగకుండా పాఠం చెప్పనివాడు. "మోచెయ్యి వంచకు, తల ఎత్తకు, నడుం తిప్పు" అని ప్రతి షాటుకూ చెప్పేవాడి పక్కన మూడు రోజులు కూర్చున్నవాడు మరుసటి ఏడు రాడు. కోర్సు మీద ఎవరికీ పాఠాలు చెప్పకూడదని మొదటి రాత్రే నవ్వుతూ చెప్పెయ్యి.

పందేల విషయంలో నేను సన్యాసిని కాను. నసా పద్ధతి బాగుంటుంది. ముందు తొమ్మిదికి ఒకటి, వెనక తొమ్మిదికి ఒకటి, మొత్తానికి ఒకటి. పొద్దున చతికిలబడినవాడికి మధ్యాహ్నం మళ్లీ అవకాశం ఉంటుంది. ఒక్కోదానికి ఐదు డాలర్లు దాటనివ్వకు. మధ్యలో పందెం రెట్టింపు చేసే "ప్రెస్" వద్దే వద్దు. ఓడినవాడు కాఫీ కొనిస్తే కథ అవుతుంది, రెండు వందలు చెల్లిస్తే లెక్క అవుతుంది.

దగ్గర పుట్లు వదిలెయ్యడం గురించి కూడా చెప్పాలి. 1969లో రాయల్ బర్క్‌డేల్‌లో రైడర్ కప్ చివరి హోల్‌లో టోనీ జాక్లిన్‌కు రెండుమూడడుగుల పుట్ మిగిలితే, జాక్ నిక్లాస్ దాన్ని కొట్టనివ్వకుండానే వదిలేశాడు. పోటీ 16–16తో సమమైంది. రైడర్ కప్ చరిత్రలో అదే మొదటిసారి. నిక్లాస్ జట్టులో కొందరికి అది నచ్చలేదు, లోకం మాత్రం ఆ పుట్‌ను ఇప్పటికీ తలుచుకుంటోంది. ఆ దూరం నుంచి పడుతుందిలే అనుకుంటావేమో. 2024 యూఎస్ ఓపెన్‌లో ఇదే నెంబర్ 2 మీద రోరీ మెకిల్‌రాయ్ అంతటివాడు 16వ హోల్‌లో మూడడుగుల లోపు పుట్, 18వ హోల్‌లో నాలుగడుగుల లోపు పుట్ పోగొట్టుకుని, ఒక్క స్ట్రోకు తేడాతో బ్రైసన్ డిషాంబోకు ఓడిపోయాడు. కాబట్టి జంటల మధ్య మ్యాచ్ ఆడేటప్పుడు చేతులు వణికే స్నేహితుడికి దగ్గర పుట్ వదిలెయ్. వదిలేటప్పుడు వెంటనే వదిలెయ్. వాడు వంగి, గీత చూసుకుని, చెమట తుడుచుకున్నాక "సర్లే తీసుకో" అనడం దానం చేసి దెప్పడమే.

ఇక డబ్బు. ట్రిప్పులు ఎక్కువగా తెగేది ఇక్కడే, ఎవరూ పైకి చెప్పనిదీ ఇదే. అద్దె, గ్రీన్ ఫీజు, కార్టు, కిరాణా అన్నీ కలిపి ముందే ఒకే అంకె చెప్పు. రెండు విడతల్లో ఇవ్వమను. క్యాడీలకు టిప్పు నగదుగా ఇవ్వాలి, అదీ ఆ అంకెలోనే కలుపు. మందు ఖర్చు మాత్రం విడిగా పెట్టు. తాగనివాడి చేత స్కాచ్ బిల్లు కట్టించడం మన బ్యాచుల్లో చాలాకాలంగా సాగుతున్న అన్యాయం. స్ప్లిట్‌వైజ్ యాప్‌లో కాఫీకీ, సమోసాకీ లెక్కలు ఎక్కించి ట్రిప్పు అయిన నెల తర్వాత కూడా నోటిఫికేషన్లు పంపకు.

మీ వయసువాళ్లకు ఉద్యోగాలు ఎలా ఊగుతున్నాయో నాకు తెలుసు. మీలో గ్రీన్ కార్డు రాక ఇంకా హెచ్-1బీ మీదే ఉన్నవాళ్లూ ఉన్నారన్నావు. వాళ్లకు ఉద్యోగం పోతే ఇంకోటి వెతుక్కోవడానికి గట్టిగా ఉండే గడువు 60 రోజులు. అలాంటివాడు గ్రూపులో "ఈసారి పనుంది" అనే రాస్తాడు, ఉద్యోగం పోయిందని రాయడు. ఆ పని ఏమిటో నీకు అర్థం కావాలి. అందుకని ఏటా ఒక్కొక్కరి భాగంలో కాస్త ఎక్కువ పెట్టి ఉమ్మడి డబ్బు మిగుల్చు. అవసరమైన ఏడు ఒకడి భాగం అందులోంచి పోతుంది. ఎవరికి పోయిందో నీకూ, లెక్క చూసే ఇంకొకడికీ తప్ప తెలియకూడదు. మా అమ్మాయికి, అదే నీ భార్యకు కూడా చెప్పకు. తీసుకున్నవాడికి "ఎప్పుడిస్తావు" అనే మాట జన్మలో వినిపించకూడదు.

బస సంగతి. రిసార్టు గదుల్లో ఇద్దరిద్దరుగా తలుపులేసుకోవడం కన్నా వంటిల్లున్న పెద్ద ఇల్లు అద్దెకు తీసుకో. చవకవుతుందని మాత్రమే కాదు, కబుర్లన్నీ వంటింట్లోనే పుడతాయి కాబట్టి. రైస్ కుక్కర్ ఒకటి, ఆవకాయ సీసా ఒకటి, కందిపప్పు, పెరుగు చాలు. మీలో పూర్తి శాకాహారి ఎవడో వాడికి క్లబ్బు హౌసులో ఫ్రెంచ్ ఫ్రైస్ తప్ప దొరకవు. మూడు రోజులు ఫ్రైస్ తిన్నవాడు మరుసటి ఏడు రాకపోతే వాణ్ణి తప్పుపట్టలేం. మిగతావాళ్లు మాంసం కాల్చుకునే గ్రిల్ మీద ముందు వాడి మొక్కజొన్న, పనీరు కాల్చు. గురక పెట్టేవాళ్లకు ఒకే గది ఇవ్వు, ఇద్దరూ సుఖపడతారు.

రాత్రి భోజనాల దగ్గర కొన్ని మాటలు రాకుండా చూడటం కూడా పెద్దరికమే. రెండు రాష్ట్రాల రాజకీయాలు మొదలైతే గ్లాసులు గట్టిగా పెట్టడం మొదలవుతుంది. అంతకన్నా ప్రమాదం పిల్లల కాలేజీ కబుర్లు. ఒకడి కొడుక్కి పేరున్న యూనివర్సిటీలో సీటొచ్చిందని అరగంట చెబుతుంటే, పిల్లవాడితో ఇబ్బంది పడుతున్న ఇంకొకడు బయటికెళ్లి ఫోన్ చూసుకుంటూ నిలబడతాడు. శుభవార్త చెప్పొద్దనను. ఒకసారి చెప్పనిచ్చి, అభినందించి, మాట మార్చు. హాస్టల్ రోజుల్లో మెస్ పప్పు మీద చేసిన ఆందోళన లాంటివి మీకు బోలెడున్నాయి, అవి తియ్యి.

ఒంటి సంగతి. యాభై దాటాక మోకాళ్లు, నడుం, గుండె ఎవరివి ఎలా ఉంటాయో చెప్పలేం. స్టెంటు వేయించుకున్నవాడికి రోజుకు రెండు రౌండ్లు పెట్టకు, తొమ్మిది హోల్స్ ఆడి కార్టు నడుపుతూ కూర్చుంటానంటే అదీ ఆడటమే. పైన్‌హర్స్ట్‌లో క్రేడిల్ అని చిన్న కోర్సు 2017లో తెరిచారు. తొమ్మిది హోల్స్ కలిపి 789 గజాలే. భుజం నొప్పివాడు కూడా రెండు మూడు క్లబ్బులు పట్టుకుని ఆడేయొచ్చు. ఒక సాయంత్రం అందరూ అక్కడే ఆడండి. డ్రైవర్‌తో 280 గజాలు కొట్టే మొనగాడికి అక్కడ ఆధిక్యం ఏమీ ఉండదు, ఆ పూట గెలిచేది భుజం నొప్పివాడే కావొచ్చు. వేసవి మధ్యాహ్నాల్లో ఇక్కడ ఉరుములు హఠాత్తుగా వస్తాయి. సైరన్ మోగితే "ఈ ఒక్క షాటు" అననివ్వకు. చేతిలో ఇనుపకర్ర పెట్టుకుని మైదానం మధ్య నిలబడి ఉంటామని గుర్తుచెయ్యి. తాగి కార్టు నడిపేవాడి చేతిలోంచి తాళం తీసుకో, వాడు ఎంత పెద్ద ఉద్యోగంలో ఉన్నా సరే.

ఇంట్లోవాళ్ల సంగతి మరిచిపోకు. ఏటా అదే వారం అని తేల్చి, ఏడాది ముందే చెప్పెయ్యండి. భార్యకు ట్రిప్పు ఖర్చు నిజమే చెప్పండి. మీరు నాలుగు రోజులు పిల్లల్ని వదిలి వచ్చారంటే, ఆమె తన స్నేహితురాళ్లతో నాలుగు రోజులు వెళ్లినప్పుడు ఇల్లు మీరు చూసుకోవాలి. అది జరగని ఇళ్లలోంచి వచ్చేవాడికి ప్రతి ఏడూ రావడం ఒక యుద్ధం. ఆ యుద్ధం చేసి చేసి అలిసిపోయినవాడూ ఒకరోజు "పనుందిరా" అంటాడు.

హైదరాబాద్ తిరిగి వెళ్లిపోయిన మీ మిత్రుడి మాట. అమ్మానాన్నల కోసం వెళ్లాడన్నావు. ఒక్క ట్రిప్పు కోసం అంతదూరం నుంచి వాడు ఏటా రాలేడు. అలాగని వాడి స్థానంలో కొత్తవాణ్ణి ఇట్టే చేర్చుకోకండి. మీలో సగంమంది ఎలాగూ డిసెంబరు, జనవరి నెలల్లో ఇండియా వెళ్తారు. నాలుగైదేళ్లకొకసారి ట్రిప్పే అక్కడికి పట్టుకెళ్లండి. గోల్కొండ నయా ఖిల్లా గోడల పక్కన హైదరాబాద్ గోల్ఫ్ క్లబ్బు ఉంది. శీతాకాలం పొద్దుటి పూట ఆ రాతి గోడల పక్కన ఆడటం పైన్‌హర్స్ట్‌కు ఏమీ తీసిపోదు. ఆ ఏడు పెద్దరికం వాడికిచ్చెయ్యి. ఆ ఒక్క ఏడాది కష్టపడి ప్రయాణం చేసేది మీరవుతారు.

గెలుపోటముల గురించి ఒక్కటి చెప్పి ముగిస్తాను. నెంబర్ 2 పద్దెనిమిదో గ్రీన్ వెనక పేన్ స్టూవర్ట్ విగ్రహం ఉంది, వెళ్లి చూడండి. 1999 జూన్‌లో, ఫాదర్స్ డే నాడు, దాదాపు 15 అడుగుల పుట్ వేసి ఫిల్ మికెల్సన్ మీద ఒక్క స్ట్రోకుతో యూఎస్ ఓపెన్ గెలిచాడు. మికెల్సన్ భార్య అప్పుడు నిండు గర్భిణి, ఆయన బ్యాగులో పేజర్ పెట్టుకుని ఆడాడు. పుట్ పడగానే గాల్లోకి పిడికిలి విసిరిన స్టూవర్ట్, మరుక్షణం వెళ్లి మికెల్సన్ మొహాన్ని రెండు చేతులా పట్టుకుని, నువ్వు తండ్రివి కాబోతున్నావు, అంతకన్నా గొప్పది లేదని చెప్పాడు. మర్నాడే మికెల్సన్‌కు కూతురు పుట్టింది. నాలుగు నెలలకు, అక్టోబరు 25న స్టూవర్ట్ విమాన ప్రమాదంలో పోయాడు. ఆ విగ్రహం ముందు అందరూ పిడికిలి విసురుతూ ఫోటో దిగుతారు. మీరూ దిగండి. మీ ట్రిప్పులో గెలిచినవాడు మాత్రం రెండో పనిని కూడా నేర్చుకోవాలి. ఓడినవాడి ఇంట్లో ఏం జరుగుతోందో తెలిసి ఉండటం, ఆ సమయానికి ఆ మాట అనగలగడం.

ఇంక పని మొదలుపెట్టు. గ్రూపులో తారీఖుల పోల్ పెట్టకు. పోల్‌లో మెజారిటీ గెలుస్తుంది, కుదరనివాడు మౌనంగా తప్పుకుంటాడు. "చూద్దాంలే" అని ఒకడు రెండుసార్లు అన్నాడన్నావే, మొదటి ఫోన్ వాడికి చెయ్యి. ఏ వారం కుదురుతుంది, ఎంతలో అయితే ఇబ్బంది లేదు, ఒంట్లో ఎలా ఉంది, ఈ మూడూ కనుక్కుని కాగితం మీద రాసుకో. తారీఖు, కోర్సులు, బడ్జెట్టు ఆ కాగితంలోంచే తియ్యి. తర్వాత మిగతావాళ్లకు చెయ్యి. టీ టైములు మూడు నెలల ముందే తీసుకో, క్లబ్బుల్లో మాట్లాడటం నాకు వదిలెయ్. దిగిన రోజు విమానాశ్రయం నుంచి తిన్నగా మా ఇంటికి రండి, దారిలోనే కదా. అత్తయ్య గుత్తి వంకాయ చేస్తానంటోంది. ఎంతమందికి వండాలని అడిగితే ఎనిమిది మందికని చెప్పేశాను. ఆ అంకె తగ్గకుండా చూడటం నీ పని.

ఆశీస్సులతో,
మీ మామయ్య